అత్తగారి లేసులో తప్పులు

మొదటి తప్పు నా కంటపడినప్పుడు, లెక్క తప్పింది నేనే అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం, మా అత్తగారు భోంచేసి నడుం వాల్చింది. కిటికీ పక్కన ఆవిడ స్టూలు మీద లేసు ఉంది. ఎప్పుడూ పాత పంచె గుడ్డలో నాలుగు మడతలు చుట్టి పెట్టే మనిషి, ఆ రోజు చుట్టకుండా వదిలేసింది. మా ఇల్లు కంచరపాలెంలో రైలు పట్టాలకు దగ్గర. పోర్టు వైపు బొగ్గు వ్యాగన్లు పోతూనే ఉంటాయి. తలుపులు వేసినా గంటకొకసారి నల్లటి పొడి పల్చగా వచ్చి కూర్చుంటుంది. తెల్లదారం మీద అది పడితే వదలదు. అందుకే నేను దాన్ని చుట్టి పెడదామని తీశాను.

గుండ్రటి టేబుల్ క్లాత్ అది. నడిమి పువ్వు నుంచి బయటికి వరుస మీద వరుస పెరుగుతూ పోతుంది. ప్రతి వరుసలో పూలు, ప్రతి పువ్వుకీ రేకులు, ప్రతి రేకుకీ ఏడు పొడుగు కుట్లు. మడత పెడుతుంటే ఒక రేకు కొంచెం బక్కగా కనిపించింది. వేలితో లెక్కపెట్టాను. ఐదు. మళ్ళీ లెక్కపెట్టాను. ఐదే.

ఆవిడ సంగతి చెబితే గాని, నేను ఎందుకు నమ్మలేకపోయానో అర్థం కాదు. మా అత్తగారిది నరసాపురం దగ్గర పల్లెటూరు. అక్కడ ఆడవాళ్ళకి లేసు అల్లిక వంట పని లాంటిది, ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పదేళ్ళు రాకముందే కొక్కెం సూది పట్టిందట. మా మామగారికి పోర్టులో ఉద్యోగం వచ్చి విశాఖపట్నం వచ్చేశాక కూడా సూది వదల్లేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. వన్ టౌన్‌లో ఒక దుకాణం ఆయన ఆర్డర్లు తెచ్చి ఇస్తాడు, ఆవిడ అల్లి పంపుతుంది. నలభై ఏళ్ళలో ఒక్క ముక్క కూడా వెనక్కి రాలేదు. ఆ మాట ఆవిడ గొప్పగా చెప్పుకునేది కాదు, దుకాణం ఆయనే వచ్చిన ప్రతిసారీ అనేవాడు. అల్లుతూ సీరియల్ చూసేది, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగేది, మా ఆయన డ్యూటీ నుంచి వచ్చిన అడుగుల చప్పుడు గుర్తుపట్టేది. చెయ్యి మాత్రం తన లెక్క తాను పెట్టుకుంటూ పోయేది.

నేను విజయనగరం వైపు రైతుల ఇంటి పిల్లని. పెళ్ళయ్యేదాకా నాకు గుండీ కుట్టడం కూడా సరిగ్గా రాదు. ఆవిడే నేర్పింది. అల్లడం కంటే ముందు విప్పడం నేర్పింది. ఈ పని మొత్తం ఒకే దారం, చివర ఒకే ఒక్క ఉచ్చు తెరుచుకుని ఉంటుంది. అందులోంచి సూది తీసి దారం లాగితే ఎంత అల్లినా వరుసగా ఊడి వచ్చేస్తుంది. తప్పు పది వరుసల కింద ఉంటే పది వరుసలూ ఊడదీయాల్సిందే. మధ్యలో కత్తిరించి అతుకు వేస్తే అక్కడ ముడి తెలిసిపోతుంది. ఎక్కడ ఆపాలో ఆ కుట్టు దగ్గర గోరుతో నొక్కి పట్టుకోవాలి, రెండో చేత్తో మెల్లగా లాగాలి. నాకు ఆ పని బాగా పట్టుబడింది. అల్లిక మాత్రం ఓ మోస్తరు.

ఆ ఆదివారం నేను చేసిన పని ఇప్పటికీ నన్ను వదల్లేదు. లేపి చూపించలేదు. తప్పు ఉన్నది రెండు వరుసల కిందే. లేసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, పీట మీద కూర్చుని, ఆ రెండు వరుసలూ విప్పి, రేకుకి ఏడు కుట్లు వేసి మళ్ళీ అల్లేశాను. ఆవిడ లేచేసరికి ఎక్కడిది అక్కడ పెట్టేశాను. ముసలావిడ నొచ్చుకుంటుంది, ఎందుకులే అనుకున్నాను. నాకు నేను చెప్పుకున్న కారణం అది.

అసలు కారణం మా అమ్మమ్మ. నా చిన్నప్పుడు మా అమ్మమ్మకి మతి పోయింది. మొదట పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయేది. తర్వాత మనుషుల్ని మరిచిపోయింది. ఒకసారి ఊరి బయట రోడ్డు మీద నడుచుకుంటూ పోతుంటే ఎవరో లారీ ఆపి తీసుకొచ్చారు. ఆ తర్వాత మామయ్యలు పొలానికి వెళ్ళేటప్పుడు ఆవిడ కాలికి మంచం కోడుకీ చీర చుట్టి కట్టేవారు. దుర్మార్గులు కారు, వాళ్ళకి వేరే దారి తెలీదు. అన్నం పళ్ళెం పట్టుకుని నేను గదిలోకి వెళ్తే నన్ను చూసి భయపడి గోడ వైపు జరిగేది. ఐదు కుట్ల రేకు చూసినప్పుడు నా కళ్ళ ముందుకి వచ్చింది ఆ గది.

మర్నాడు ఆఫీసు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుంటూనే లేసు వైపు చూశాను. ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపు ఆఫీసులో నా పని, ఇల్లు చేరేసరికి ఆరున్నర అవుతుంది. ఏడింటి నుంచి ఆవిడ ముందు గదిలో సీరియళ్ళు చూస్తుంది. ఆ రోజు మామూలుగా అల్లుతూ చూడలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే చూస్తోంది. తలనొప్పిగా ఉందని నుదుటికి బామ్ రాసుకుంది. నేను లేసు వంటింట్లోకి తెచ్చి ఆ రోజు అల్లినదంతా లెక్కపెట్టాను. మూడు రేకుల్లో తప్పులు. ఒకదానికి ఆరు, ఒకదానికి ఎనిమిది, ఇంకొకటి సగంలో వదిలేసి పక్క పువ్వులో కలిపేసింది. అన్నం ఉడుకుతుంటే ఒక కంట దాన్ని చూస్తూ, ముందు గదిలో కుర్చీ చప్పుడుకి చెవి పెట్టి, విప్పి అల్లేశాను.

అలా మూడు వారాలు చేశాను.

మొదట్లో నాకు ఒకటే భయం, ఆవిడ కనిపెట్టేస్తుందని. తన అల్లిక మీద వేరే వాళ్ళ చెయ్యి పడితే ఆవిడకి తెలియకుండా ఉండదు. నేను దారం బిగించి లాగుతాను, ఆవిడది వదులుగా, మెత్తగా ఉంటుంది. నా కుట్టు పక్కన ఆవిడ కుట్టు పెడితే చిన్నపిల్లకైనా తెలుస్తుంది. మర్నాడు పొద్దున్న ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని లేసు ఒళ్ళోకి తీసుకుంటుంటే నేను టిఫిన్ డబ్బా సర్దుకుంటూ ఓరకంట చూసేదాన్ని. ఆవిడ చివరి ఉచ్చులో సూది పెట్టి అల్లడం మొదలుపెట్టేది. ఏమీ అనేది కాదు. హమ్మయ్య అనుకుని బస్సెక్కేదాన్ని. ఒక రోజు కాన్వెంట్ జంక్షన్ దగ్గర బస్సు ఆగి ఉన్నప్పుడు హఠాత్తుగా తట్టింది. ఆవిడ కనిపెట్టకపోవడమే కదా అసలు భయపడాల్సిన సంగతి. ఆ రోజంతా నా ముందున్న రిజిస్టర్‌లో ఏమి రాశానో నాకు తెలీదు.

తప్పులు పెరుగుతూ వచ్చాయి. ఇంట్లో కూడా చిన్న చిన్నవి కనిపించసాగాయి. ఎడమ కాలి చెప్పు నడుస్తుంటే జారిపోయేది, ఆవిడకి తెలిసేది కాదు. గ్లాసు రెండుసార్లు చేతిలోంచి పడింది. పగలు ఎక్కువ నిద్రపోయేది. మా ఆయనతో అన్నాను, అత్తయ్య నీరసంగా ఉంటోంది, డాక్టరుకి చూపిద్దామని. ఆయన పోర్టులో క్రేను ఆపరేటరు, ఆ నెల షిఫ్టులు ఎడాపెడా ఉన్నాయి. వయసు అయిపోతోంది కదా, ఏడాదిగా అలాగే ఉంది అన్నాడు. నేను రెట్టించలేదు. లేసు సంగతి ఆయనకి చెప్పలేదు. చెప్పేస్తే నిజమైపోతుందనిపించేది. విప్పి సరిచేసి పెట్టిన కాసేపు ఆ లేసు నిండుగా, తప్పు లేకుండా ఉండేది. దాన్ని చూస్తే ఆవిడకి ఏమీ కానట్టే ఉండేది.

ఆఖరి రోజు ఒక బుధవారం. నేను ఇంటికి వచ్చేసరికి ఆవిడ కిటికీ దగ్గరే ఉంది, లైటు వేసుకోలేదు. చెయ్యి ఆడుతోంది. దగ్గరికి వెళ్ళి లైటు వేశాను. ఒళ్ళో టేబుల్ క్లాత్ ఉంది గాని ఆవిడ అల్లుతున్నది దానికి కలవడం లేదు. చివరి పువ్వు నుంచి ఒట్టి గొలుసు కుట్టు, ఒకదాని వెనక ఒకటి, ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా తిప్పకుండా, దేనికీ కలపకుండా, ఒళ్ళోంచి జారి నేల మీద చుట్టలు చుట్టుకుని ఉంది. మంచం నవారు అంత పొడుగు. పొద్దుటి నుంచీ అదే అల్లి ఉంటుంది.

"అత్తయ్యా, ఏటిది?" అన్నాను.

ఆవిడ తలెత్తి నన్ను చూసి, చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచింది. అన్నం తిన్నావా అని అడిగింది.

ఆ గొలుసు విప్పాలని కూడా నాకు తోచలేదు. మా ఆయనకి ఫోన్ చేసి, రేపు సెలవు పెట్టు, పెట్టకపోతే నేనొక్కదాన్నే తీసుకుపోతాను అన్నాను. నా గొంతు విని ఆయన ఇంకేమీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ఆటోలో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మెదడు జబ్బులు చూసే డాక్టరు, నా వయసు ఆవిడే. అత్తగారి చేతులు చాపమంది, ఎడమ చెయ్యి కొద్దిగా కిందికి వాలింది. నడవమంది. ఈ రోజు ఏ వారం అని అడిగితే ఆవిడ నవ్వి మా ఆయన వైపు చూసింది. తర్వాత డాక్టరు మా వైపు తిరిగి, ఈ మతిమరుపు మెల్లమెల్లగా వచ్చిందా, ఒక్కసారిగా మొదలైందా, బాగా ఆలోచించి చెప్పమంది. మా ఆయన ఏడాది నుంచీ కొంచెం కొంచెంగా అన్నాడు. డాక్టరు తలూపి ఏదో రాసుకోబోయింది.

ఆ నిమిషం నాకు బాగా గుర్తు. మాట్లాడితే మూడు వారాలుగా నేను చేసిందంతా బయటపడుతుంది. మాట్లాడకపోతే డాక్టరు కాగితం మీద ముసలితనం అని రాసేస్తుంది.

"మెల్లగా కాదండీ," అన్నాను. "ఒక వారంలో మొదలైంది. ఆ వారం ముందు ఒక్క తప్పు నేదు."

ఎలా చెప్పగలరు అని డాక్టరు అడిగింది. నేను సంచిలోంచి లేసు తీసి బల్ల మీద పరిచాను. మా అత్తగారికి ఒక అలవాటు ఉంది. వారంలో ఎంత పని జరిగిందో తెలియడానికి ప్రతి శుక్రవారం తలంటుకున్నాక, అప్పటికి అల్లిన చివరి కుట్టు దగ్గర చిన్న ఎర్రదారం ముక్క ముడి వేస్తుంది. అంతా అయ్యాక అవి తీసేస్తుంది. ముడి ఉన్న వరుస విప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను దాన్ని దాచి, మళ్ళీ అదే చోట కట్టేదాన్ని. నడిమి నుంచి ఆరో ముడి దాకా చూపించాను. అక్కడి దాకా అన్నీ ఆవిడ కుట్లు, ప్రతి రేకుకీ ఏడు. మొదటి తప్పు చూశాక నేను ఒక ఆదివారం కూర్చుని అన్నీ లెక్కపెట్టాను. ఆరో ముడి దాటాక తప్పులే.

డాక్టరు వంగి చూసింది. "ఇక్కడ కూడా ఏడే ఉన్నాయి కదమ్మా?"

"అవి నావి," అన్నాను. "ఆవిడ తప్పులన్నీ నానే ఇప్పీసి మళ్ళా అల్లీసేను. మూడు వారాల్నుంచి రోజూ. ఎవులికీ సెప్పనేదు."

మా ఆయన నా వైపు తిరిగాడు. ఆయన మొహం చూడలేక బల్ల అంచు చూస్తూ కూర్చున్నాను. డాక్టరు మాత్రం తిట్టలేదు, ఆశ్చర్యపోలేదు. ఆ ఆరో ముడి వేసిన రోజుల్లో ఏమైనా జరిగిందా, పడిపోయిందా, తలకి దెబ్బ తగిలిందా అని అడిగింది. పడలేదన్నాం. అత్తగారిని అడిగితే ఆవిడా లేదంది. అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది. ఆ శుక్రవారం ఆవిడ తలంటుకోలేదు. నేను నూనె రాయబోతే తల ముట్టుకోవద్దంది, జలుబు చేసిందంది. ముడి మాత్రం వేసుకుంది. ఆ మాట చెప్పగానే డాక్టరు లేచి నిలబడింది. గుండె కోసం రక్తం పలచబడే మాత్ర ఏమైనా వాడుతోందా అని అడిగింది. వాడుతోంది. అంతే, ఆ గంటలోనే స్కానింగ్‌కి పంపించారు.

లోపల రక్తం ఉంది. ఎముకకీ మెదడుకీ మధ్య కొంచెం కొంచెంగా కారి, నెల రోజులుగా పేరుకుని, మెదడుని ఒక పక్కకి నెట్టేస్తోందట. డాక్టరు తెరమీద చూపించింది, ఒక వైపు చంద్రవంక లాగా ఉంది. ఇది ముసలితనం మతిమరుపు కాదు, పుర్రెకి రెండు రంధ్రాలు పెట్టి ఆ రక్తం తీసేస్తే చాలామంది మామూలు మనుషులవుతారు, కానీ ఈ వయసులో పూచీ ఇవ్వలేను అంది. నేను ఒక్కటే అడిగాను.

"మూడు వారాల ముందే తెచ్చుంటే?"

డాక్టరు అడ్మిషన్ కాగితం మా ఆయన చేతికిచ్చింది. "ఇప్పుడు తెచ్చారు కదా," అంది. ఆ జవాబు నన్ను క్షమించిందో లేదో నాకు ఈనాటికీ తెలీదు.

ఆపరేషన్ ఆ మధ్యాహ్నమే. అత్తగారి తెల్లటి జుట్టు నున్నగా గీసేశారు. ఎడమ చెయ్యి దుప్పటి మీద పెట్టుకుని, స్ట్రెచర్ మీద వెళ్తూ, నన్ను ఏదో పనిమనిషిని చూసినట్టు చూసింది. తలుపు మూసుకుంది. మేమిద్దరం బయట ఇనుప కుర్చీల్లో కూర్చున్నాం. మా ఆయన తిడితే బాగుండుననిపించింది.

చివరికి, "నాకైనా సెప్పాల్సింది," అన్నాడు.

"నువ్వు వయసని అన్నావు కదా," అందామని నోటి దాకా వచ్చింది. అనలేదు. ఆయనకీ అదే గుర్తొచ్చి ఉంటుంది, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. నా భయానికి అప్పుడు రూపం మారింది. ఆవిడ చనిపోతుందని భయపడ్డాను, బతికి మా అమ్మమ్మలా అయిపోతుందని భయపడ్డాను, వీటన్నిటికంటే, ఏది జరిగినా ఆ మూడు వారాలూ నా చేతి మీదే ఉంటాయని భయపడ్డాను. ఆవిడ తన చేత్తో రోజూ నాకు చెబుతూనే ఉంది. నేను రోజూ దాన్ని చెరిపేస్తూ వచ్చాను. డాక్టరుకి చూపించడానికి ఆ తప్పుల్లో ఒక్కటి కూడా మిగల్చలేదు, ఆఖరి గొలుసు తప్ప.

ఆవిడ బతికింది. మర్నాడు కళ్ళు తెరిచి నీళ్ళు అడిగింది. రెండో రోజు నన్ను గుర్తుపట్టి, ఆఫీసు మానేశావేంటి అమ్మాయ్ అంది. నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. వారం తర్వాత తలకి గుడ్డ కట్టుకుని ఇంటికొచ్చింది. దెబ్బ సంగతి అప్పుడు చెప్పింది. మెట్ల కింద నీళ్ళ మోటారు వెయ్యడానికి వంగి, లేస్తూ సిమెంటు దిమ్మకి తల కొట్టుకుందట. కాసేపు అక్కడే కూర్చుండిపోయిందట. చెబితే మోటారు దగ్గరికి వెళ్ళనివ్వరని చెప్పలేదట.

ఆసుపత్రిలో నేను ఒప్పుకున్నదేదీ ఆవిడకి గుర్తు లేదు. మళ్ళీ చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఎడమ చెయ్యి బాగుపడ్డాక ఒక ఆదివారం లేసు తెమ్మంది. నేను తెచ్చి ఇచ్చాను. వేలాడుతున్న గొలుసు నేను అప్పటికే ఊడదీసేశాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, టేబుల్ క్లాత్ ఒళ్ళో పరిచి, బయటి వరుస మీద బొటనవేలు పెట్టి తిప్పుతూ పోయింది. సగం కూడా తిరగకముందే వేలు ఆగిపోయింది.

"ఇది నా చెయ్యి కాదు," అంది.

నేను నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఐదు కుట్ల రేకు నుంచి డాక్టరు బల్ల దాకా, మా అమ్మమ్మ గదితో సహా. నేను చెప్పడం అయ్యాక కూడా ఆవిడ వేలితో ఆ బిగుతు కుట్లని తడుముతూ ఉండిపోయింది.

"విప్పినందుక్కాదు అమ్మాయ్," అంది చివరికి. "నాకు చూపించాల్సింది. నాకేదో అవుతోందని నాకు తెలుస్తానే ఉంది. పొద్దున్నే చూస్తే అన్నీ సరిగ్గానే ఉండేవి. రాత్రి నాకేదో పిచ్చి భయం పట్టింది కాబోలు అనుకునేదాన్ని."

నేను అనుకున్నట్టు ఆవిడ గమనించకుండా లేదు. తప్పు వేశానని సాయంత్రం అనుమానపడేది. తెల్లారి చూస్తే ఆ తప్పు ఉండేది కాదు. మూడు వారాలు తన కళ్ళని తానే నమ్మకుండా, ఎవరితోనూ చెప్పకుండా, ఆవిడ కూడా ఒక్కతే భయపడింది. ఒకే ఇంట్లో, ఒకే లేసు మీద, ఇద్దరం విడివిడిగా భయపడ్డాం. నేను ఆవిడ కాళ్ళు పట్టుకున్నాను. ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకుని, ముందు ఆ దారం పట్టుకో అంది.

ఆరో ముడి దాకా విప్పించింది. నేను లాగుతుంటే ఆవిడ ఉండ చుట్టింది. తొమ్మిది వరుసలు. దారం అక్కడక్కడ నలిగి వంకరలు తిరిగి వచ్చింది. పని ఆలస్యమైందని దుకాణం ఆయనకి కబురు పెట్టాం. రెండు నెలలకి ఆవిడ చేత్తోనే పూర్తయింది, వెనక్కి రాలేదు.

ఇప్పుడు ఆవిడ ప్రతి ఆదివారం అల్లినది నా ముందు పెట్టి లెక్కపెట్టమంటుంది. నేను లెక్కపెడుతుంటే ఆవిడ టీవీ సౌండు తగ్గించి నా మొహం చూస్తుంది. నా వేలు రేకు మీద కొంచెం ఎక్కువసేపు ఆగితే చాలు, ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంటుంది. మొన్న వేసవిలో ఒక రేకుకి ఆరే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. ఆరే. ఈసారి దాచలేదు, ఆవిడకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, పక్కింటావిడ వచ్చి మాట్లాడుతుంటే వేసినట్టున్నాను అంది. ఆ మాట ఇద్దరం నమ్మలేదు. మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళాం. మళ్ళీ స్కానింగ్ తీశారు.

ఏమీ లేదు. డాక్టరు లేసు చూసి, మనుషులన్నాక పొరపాటు వెయ్యరా అని నవ్వింది. మేము నవ్వలేకపోయాం. బయట ఇనుప కుర్చీలో కూర్చున్నాక ఆవిడ సంచిలోంచి సూది తీసి, ఆ రేకు దాకా మెల్లగా తనే విప్పుకుంది. నేను ఉండ పట్టుకున్నాను. ఆ రేకు మళ్ళీ అల్లుతూ ఆవిడ ఒక్కో కుట్టూ పైకి లెక్కపెట్టింది. ఆవిడతో పాటు నేనూ.